మగ్గం మాటలు: ఫోరస్ రోడ్డు నుంచి మన సంఘం దాకా



ఈసారి సంచికకు బొంబాయి సంగతులు ఏమన్నా రాయమని సమాఖ్య వాళ్లు అడిగిన్రు. నేను ఎనిమిదో తరగతి దాకనే చదివిన. పెద్ద చరిత్రకారుల లెక్క రాయడం నాకు రాదు. కానీ బొంబాయి మిల్లులో మూడేండ్లు పని చేసిన. ఆ తర్వాత ముప్పై ఏండ్లకు పైగా చేనేత సహకార సంఘం లెక్కలు రాస్తున్న. ఈ రెండు చోట్లా నేను నేర్చుకున్నది ఒక్కటే. పని చేసేటోళ్ల మధ్య మాట ఒక్కటైతే పని తేటగా సాగుతది, కూలి లెక్క సరిపోతది. మాటలో తేడా వస్తే బట్ట చెడిపోతది, ఆ నష్టం తిరిగి తిరిగి నేసినోడి మీదనే పడుతది. ఆ ముచ్చటే నాకు తెలిసిన చరిత్రతో కలిపి చెప్తున్న.

ఫోరస్ రోడ్డు, కామాఠీపురా

ఫోరస్ రోడ్డు అనంగనే కొందరు ముఖం తిప్పుకుంటరు. ఆ పేటకు ఉన్న పేరు అట్లాంటిది. అక్కడ బతికిన ఆడోళ్ల కష్టం వేరే కష్టం, వాళ్లను చులకన చేసే హక్కు మనకు లేదు. కానీ ఆ రోడ్డు పక్క గల్లీలలోనే మన తాతలు, నాయినలు వంట చేసుకున్నరు, పండుకున్నరు, ఊరికి మనియార్డర్లు పంపిన్రు. ఇది మన చరిత్ర కూడా.

"ఫోరస్" అన్న మాట పోర్చుగీసు వాళ్లది. భూమికి కట్టే శిస్తును వాళ్లు "ఫోరో" అనేవాళ్లు, దాని నుంచి వచ్చిందట. నేనక్కడ ఉన్నన్ని రోజులు ఈ సంగతి నాకు తెలువది, మా చాళ్లో ఎవ్వరికీ తెలువది. ఇప్పుడు కాగితాల మీద దాని పేరు ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్. మనోళ్ల నోట మాత్రం ఇప్పటికీ ఫోరస్ రోడ్డే.

పక్కనున్న కామాఠీపురాకు ఆ పేరు మన వల్లనే వచ్చింది. నైజాం ఇలాకా నుంచి, తెలుగు జిల్లాల నుంచి కూలి పనికి పోయినోళ్లను అక్కడ కామాఠీలు అన్నరు. 18వ శతాబ్దం చివరి నుంచే మనోళ్లు అక్కడ ఉన్నరు. బొంబాయి కట్టడాలకు రాళ్లు మోసిన్రు, సున్నం కలిపిన్రు. కొందరు కాంట్రాక్టర్లు అయిన్రు. 1873లో మహాత్మా జోతిరావు ఫూలే సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు బొంబాయిలో దానికి అండగా నిలిచినోళ్లలో వెంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు అనే మన తెలుగు వాళ్లున్నరు.

ఆ ఊర్లో మొదటి నూలు మిల్లును కావస్‌జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ సేటు 1854లో మొదలుపెట్టిండు. తార్‌దేవ్‌లో పెట్టిన ఆ మిల్లు 1856లో నడిచింది. ఆ తర్వాత ఒకదాని ఎనుక ఒకటి మిల్లులు లేచినయి. ఊర్ల మగ్గాలు ఆగిపోతుంటే కరీంనగర్, నల్లగొండ, పాలమూరు దిక్కు సాలోళ్లు ఆ మిల్లుల బాట పట్టిన్రు. చెయ్యి ఎరిగిన పని కాబట్టి చాలామంది నేత ఖాతాలకే పోయిన్రు.

ఖోలీలో మొదటి పాఠం

నేను 1979లో పోయిన. అప్పటికి నాకు పద్దెనిమిది ఏండ్లు. అంతకు ముందు మా ఊర్లో నాయిన పక్కన గుంట మగ్గం మీద నాలుగేండ్లు నేసిన. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు, గంజి, కుంచె. ఈ మాటలు తల్లిపాల లెక్క వచ్చినయి నాకు. నేత పని నాకు వస్తదన్న ధీమాతోనే రైలెక్కిన.

మా చిన్నాయిన అప్పటికే పన్నెండేండ్ల సంది మిల్లులో ఉన్నడు. ఫోరస్ రోడ్డు పక్క గల్లీలో ఒక చాళ్లో ఆయన ఖోలీ. ఆ ఒక్క ఖోలీలో పదకొండు మందిమి. పాళీల వారీగా పండుకునేటోళ్లం, ఒకరు లేస్తే ఒకరికి జాగా.

మొదటి రోజు పొద్దున చిన్నాయిన నన్ను మిల్లు గేటు కాడికి తోలుకపోయిండు. అక్కడ ముకాదం నన్ను ఎగాదిగా చూసి "ఖాతా కుఠ్లా?" అని అడిగిండు. ఖాతా అంటే నాకు తెలిసింది బ్యాంకు ఖాతా, లేకుంటే షావుకారు ఖాతా. "నాకు ఏ ఖాతా లేదు, ఎవ్వలికీ బాకీ లేను" అని తెలుగులోనే చెప్పిన. అక్కడున్నోళ్లంత నవ్విన్రు. మిల్లులో ఖాతా అంటే విభాగం. రింగు ఖాతా, సాచా ఖాతా, ఇట్ల. నువ్వు ఏ విభాగంల పని చేస్తవురా అని ఆయన అడిగిండు.

తర్వాత ముకాదం "బదలీ" అన్నడు. నా గుండె జారింది. మన దగ్గర బదిలీ అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపుడు. పని దొరకకముందే నన్ను ఎక్కడికో పంపుతున్నరు అనుకున్న. అక్కడ బదలీ అంటే రాని మనిషి జాగాలో ఆ పూటకు చేసేటోడు. రోజూ గేటు కాడికి పోవాలె, ఎవరన్న ఖాడా చేస్తే, అంటే నాగా పెడితే, ఆ రోజు పని. లేకుంటే ఉత్త చేతులతో వాపసు.

ఆ రాత్రి చిన్నాయిన నన్ను ముందల కూసోబెట్టుకున్నడు. మంచం నులకనే మగ్గం చేసి చూపించిండు. నులక తాడు మీద వేలు పెట్టి "ఇదేంది?" అన్నడు.

"పడుగు."

"ఇక్కడ ఇది తాణా. అడ్డంగ పోయేది?"

"పేక."

"బాణా. నాడెను ధోటా అంటరు. కండెను కాండీ అంటరు, అది నీకు సులువే. మగ్గాన్ని సాచా అంటరు. పాళీ అంటే షిఫ్టు. భోంగా మోగితే గేటు మూస్తరు. బిడ్డా, నీకు పని వచ్చు. కానీ పని పేరు రాకుంటే నీకు పని రాదనే అనుకుంటరు. పేర్లు నేర్చుకో, వారం రోజులల్ల పని దానంతట అదే ఒస్తది."

మా చిన్నాయిన సంతకం ఒక్కటే చేయగలడు. కానీ నేను ఆ తర్వాత విన్న ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత సూటి మాట ఎవరూ చెప్పలేదు.

ఒకే వస్తువు, నాలుగు భాషలు

మా సాచా ఖాతాలో రత్నగిరి మరాఠీలు ఉండేటోళ్లు. పక్కనున్న మదన్‌పురా మోమిన్లు ఉండేటోళ్లు. వాళ్లు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన నేతగాళ్లే, తరతరాల మగ్గం వాళ్లది. మనం తెలుగు వాళ్లం. పైన మాస్టరు ఇంగ్లీషు మాటలు వాడేటోడు. నాలుగు భాషలు. అయినా పని ఎట్ల నడిచిందని మీరు అడగొచ్చు.

ఒక చిన్న ఉదాహరణ చెప్త. పడుగు పోగులను వరుసగా నిలిపే పరికరాన్ని మనం పన్నె అంటం, కొన్ని ఊర్లల్ల ఫణి అంటరు. దానికుండే సందులను పండ్లు అంటం. మరాఠీల కూడా అది ఫణీయే, అంటే దువ్వెన. మోమిన్లు కంఘీ అంటరు, అదీ దువ్వెనే. ఇంగ్లీషుల ఆ సందును డెంట్ అంటరు. ఫ్రెంచి భాషలో డాఁ అంటే పన్ను, ఆ మాటనే ఇది. చూసిన్రా, ఎక్కడోళ్లు అక్కడ వేరే వేరే పేరు పెట్టినా కన్ను చూసింది ఒక్కటే. వస్తువు మీద వేలు పెట్టి చెప్పుకుంటే భాష అడ్డం రాలేదు.

కానీ లెక్క కాడ వేలు పెట్టి చూపిస్తే సరిపోదు. అక్కడ ఒకే మాట, ఒకే అర్థం ఉండి తీరాలె. నూలు నంబరు సంగతి చూడండి. ఒక చిలప 840 గజాలు. ఒక పౌండు బరువులో ఎన్ని చిలపలు తూగితే అది అంత నంబరు నూలు. 40 నంబరంటే పౌండుకు 40 చిలపలు, అంటే 33,600 గజాలు. 80 నంబరంటే 67,200 గజాలు. నంబరు పెరిగిన కొద్దీ పోగు సన్నం. ఈ లెక్క ఇంగ్లాండు మిల్లులది. అది బొంబాయికి వచ్చింది, అక్కడి నుంచి మన పల్లెల నూలు డిపోల దాకా వచ్చింది. ఒక్క అక్షరం ఇంగ్లీషు రాని మన అవ్వలు కూడా పోగును వేళ్ల మధ్య నలిపి "ఇది అరవై కాదు, నలభయే" అని చెప్పేటోళ్లు.

అచ్చు నంబరు ఇంకో లెక్క. స్టాక్‌పోర్ట్ అనేది మాంచెస్టరు పక్క ఊరు. ఆ ఊరి పేరు మీద ఉన్న పద్ధతిలో రెండు అంగుళాలకు ఎన్ని పండ్లు ఉంటే అది అంత నంబరు. పంటికి రెండు పోగులు పోతయి కాబట్టి, 72 నంబరు అచ్చంటే అంగుళానికి 72 పోగులు. ఈ రెండు నంబర్లు గుర్తు పెట్టుకోండి. మా సంఘం మునిగినంత పని అయింది ఈ రెంటి మధ్యనే. దాని సంగతి ముందుకు చెప్త.

చప్పుడులో మాట

సాచా ఖాతాలో వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడది. మేము చేతులతో మాట్లాడుకునేటోళ్లం. రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడిస్తే పోగు తెగింది. బొటనవేలు కిందికి చూపి తిప్పితే కాండీలు అయిపోయినయి. అరచెయ్యి నిలువుగ పెడితే ఆపు. పెదాలు చూసి మాట పట్టేటోళ్లు కూడా ఉండిరి.

ఇంగ్లాండు లాంకషైర్ నేత మిల్లులలో పని చేసిన ఆడోళ్లు కూడా ఇట్లనే పెదాలు, ముఖం కదిలించి మాట్లాడుకునేవాళ్లట. దానికి అక్కడ "మీ-మాయింగ్" అని పేరే ఉన్నది. వాళ్లకు మనం తెలువదు, మనకు వాళ్లు తెలువదు. చప్పుడు ఒక్కటే కాబట్టి ఉపాయమూ ఒక్కటే అయింది.

ఆ సైగలు ఆట కాదు. ధోటా మగ్గం నుంచి ఎగిరి వచ్చిందంటే కన్ను పోతది. "ఆపు" అన్న సైగకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటే మనిషి దెబ్బ తింటడు. అందుకే కొత్తోడు ఎవడొచ్చినా మొదట నేర్పేది ఆ ఒక్క సైగ.

మాట కలవని చోట కూలి పోయింది

ఇప్పుడు అసలు చరిత్రకు వస్త.

సత్యశోధక్ సమాజ్ మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టిండు. 5,500 మంది సంతకాలతో ఒక అర్జీ పెట్టిన్రు. అంతకు ముందు పని వేళ అంటే పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాక. ఎండాకాలం పొద్దు వేరు, చలికాలం పొద్దు వేరు. లోఖండే అర్జీలో ఉన్నవి లెక్క కట్టగల మాటలు: వారానికి ఆదివారం సెలవు, మధ్యాహ్నం అర గంట విరామం, పొద్దున ఆరున్నరకు పని మొదలు, జీతం వచ్చే నెల 15 తారీఖు లోపల. ఆదివారం సెలవు 1890 జూన్ 10 నుంచి వచ్చింది. "మాకు కష్టంగ ఉంది సేటూ" అని మొర పెట్టుకుంటే ఆ మాట గాలికి పోతది. "అర గంట" అంటే గడియారం సాక్ష్యం చెప్తది.

ఇంకో నలభై ఏండ్లకు 1928లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బొంబాయి మిల్లులు ఆగిపోయినయి. లక్షన్నర మంది దాకా సమ్మె చేసిన్రు. రెండు సాచాలు నడిపేటోణ్ని మూడు నడపమన్నది ఒక గొడవ. దాని కింద ఇంకో గొడవ ఉన్నది, దాని గురించి మనోళ్లు తక్కువ చెప్పుకుంటరు. ఒకే పనికి మిల్లుకో పేరు, మిల్లుకో రేటు. ఒక మిల్లులో బట్ట తూకం మీద కూలి, ఇంకో దాంట్లో గజాల మీద. ఒకే రకం గుడ్డ నేసిన ఇద్దరు అన్నదమ్ములు సాయంత్రం ఒకే ఖోలీలో కూసుని, నీకెంత నాకెంత అని లెక్క సరి చూసుకుందామంటే చూసుకోలేరు. ఎందుకంటే వాళ్ల చిట్టీల మీద మాటలు కలవవు. పైగా చెడిన బట్టను నేతగాడికే అంటగట్టి దాని ధర జీతంలో కోసే అలవాటు ఉండె. చెడింది అంటే ఏంది, ఎంత చెడితే చెడినట్టు? ఆ మాటకు అర్థం చెప్పేది పైవాళ్లే.

అందుకే పనుల పేర్లు, రేట్లు అన్ని మిల్లులకు ఒకే పట్టీగా ఉండాలన్నది ఆ కాలంలో పెద్ద చర్చ అయింది. దీన్ని అప్పుడు స్టాండర్డైజేషన్ అన్నరు. 1928 సమ్మె తర్వాత సర్ చార్లెస్ ఫాసెట్ అధ్యక్షతన వేసిన విచారణ కమిటీ ముందు మిల్లు యజమానులు, కార్మిక నాయకులు నెలల తరబడి ఈ పట్టీ మీదనే వాదించుకున్నరు. అయినా అది వెంటనే తేలలేదు. 1947లో పారిశ్రామిక కోర్టు అవార్డుతో గానీ బొంబాయి మిల్లులకు ఒకే తీరు జీతాల పట్టీ రాలేదు. కనీస మూల జీతం నెలకు 30 రూపాయలు అని అందులోనే పడింది. ఒక్క పట్టీకి ఇరవై ఏండ్లు పట్టింది. మాటలు ఒక్కటి చేసుడు అంత తేలిక కాదు. మాట కలవకపోతే ఎవరికి లాభం ఉంటదో వాళ్లు దాన్ని కలవనియ్యరు.

అంతకు ముందు మన పుంజం

ఇదంతా ఇంగ్లీషోళ్లు నేర్పిన సంగతి అనుకోకండి. మిల్లులు రాకముందే మన నేతకు తన లెక్క ఉన్నది. పుంజం అంటే 120 పడుగు పోగులు. పన్నా నిర్ణయమై ఉన్నప్పుడు పుంజాలు ఎక్కువైన కొద్దీ బట్ట దట్టం, సన్నం. 14 పుంజాల బట్టంటే 1,680 పోగులు. 36 పుంజాలంటే 4,320 పోగులు.

ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం, ఇంజరం, విశాఖపట్నం దిక్కు బట్ట కొన్న రోజులల్ల వాళ్ల కాగితాలలో ఈ పుంజం అన్న తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలల్ల రాసుకున్నరు. సముద్రం దాటి వచ్చిన దొర మన మాట నేర్చుకోక తప్పలేదు. ఎందుకంటే ఆ మాట లేకుండా ఏ రకం కావాల్నో నేతగాడికి చెప్పలేడు. కంపెనీ మనల్ని ఎన్ని తిప్పలు పెట్టిందో అందరికీ తెలుసు. బట్టను తరగతులు చేసి రేటు తగ్గించుడు అప్పుడూ ఉండె. కానీ పోగులు ఎన్ని అన్న కాడ మాత్రం నేతగాడు తన మాట మీద నిలబడగలిగిండు, ఎందుకంటే పోగులు ఎవరు లెక్కబెట్టినా అన్నే వస్తయి.

తిరిగొచ్చినంక

1982 జనవరి 18 నాడు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది దాకా బయటికి వచ్చిన్రు. అందులో నేనొకణ్ని. ఆ సమ్మెను ఎవరూ ముగిసిందని ప్రకటించలేదు, మెల్లమెల్లగ మిల్లులే ముగిసినయి. ఖోలీలో పదకొండు మందిమి ఆర్నెల్లకు నలుగురం అయినం. కొందరు భివండి పోయిన్రు, కొందరు సోలాపూర్ పోయిన్రు, కొందరు సిరిసిల్ల చేరిన్రు. సిరిసిల్లలో మరమగ్గాన్ని ఇప్పటికీ సాంచా అంటరు కదా, ఆ మాట బొంబాయి బాటలోనే మన దగ్గరికి వచ్చిందని నేను అనుకుంట. మనుషులు వట్టి చేతులతో తిరిగొచ్చిన్రు గని మాటలు మాత్రం మూట కట్టుకొచ్చిన్రు.

నేను ఊరికొచ్చి మళ్లీ గుంట మగ్గం ఎక్కిన. తర్వాత సంఘంలో గుమాస్తా అయిన, ఆ తర్వాత సెక్రెటరీ అయిన.

ఇప్పుడు ఆ రెండు నంబర్ల ముచ్చట. సెక్రెటరీ అయిన కొన్నేండ్లకు ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. ఫోనులోనే మాట్లాడిన్రు. "రెండు వందల చీరలు, ఎనభై నంబరు, రెండు నెలలల్ల కావాలె." నేను సంబురంతో సరే అన్న. సభ్యులకూ అట్లనే చెప్పిన, ఎనభై నంబరు అని. మనోళ్లు 80 నంబరు అచ్చు ఎక్కించిన్రు, నూలు మాత్రం అలవాటు ప్రకారం అరవయ్యే వేసిన్రు. వాళ్లు అడిగింది 80 నంబరు నూలు. సరుకు పోయినంక చీర మందంగ ఉన్నదని వాపసు పంపిన్రు. చేతికి వచ్చిన ధరకు అమ్ముకున్నం. సంఘానికి నష్టం. ఇరవై ఎనిమిది కుటుంబాలకు మూడు నెలల మజూరీ సగమే ఇచ్చిన. మిగిలింది కట్టేసరికి ఏడాదిన్నర పట్టింది.

సర్వసభ్య సమావేశంలో అందరూ కొన్నోళ్లను తిట్టిన్రు. ఎనుక కూసున్న ఒక పెద్దమ్మ లేచింది. ఆమె చేతి ఆసు మీదనే సగం ఊరి పడుగులు తయారైతయి. "తమ్మీ, గా ఎనభై దేనిది అని నువ్వు అడిగినవా?" అన్నది. నేను తల వంచుకున్న. ఆమె మళ్లీ అన్నది, "మేము కూడ అడగలే. తప్పు అందరిది. గని సగం మజూరీ మాదే."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. మిల్లులో నాలుగు భాషల మధ్య పని చేసినోణ్ని, సొంత ఊర్లో సొంత భాషలో మోసపోయిన. ఎదుటి మనిషి మన మాటే మాట్లాడుతుంటే, అడగాల్సిన పని లేదని అనుకుంటం. పరాయి భాష అయితే రెండుసార్లు అడుగుతం. తెలిసిన మాట కాడనే ఏమరుపాటు ఎక్కువ.

మేము పెట్టుకున్న పద్ధతి

తర్వాత నెలలోనే సంఘం గోడ మీద ఒక నల్ల బోర్డు రాయించిన. ఏ ఆర్డరు వచ్చినా ఆరు గళ్లు నింపకుండ నూలు ఇయ్యం: పడుగు నూలు నంబరు, పేక నూలు నంబరు, అచ్చు నంబరు, మొత్తం పడుగు పోగులు, అంగుళానికి పేకలు, పన్నా పొడవు. వట్టి "నంబరు" అన్న మాట సంఘంలో నిషేధం. నూలు నంబరు అనాలె, లేకుంటే అచ్చు నంబరు అనాలె.

రెండో పద్ధతి, తిరిగి చెప్పించుకునుడు. ఆర్డరు చెప్పినోడికి మేము అదే మాట తిరిగి చదివి వినిపిస్తం, ఆయన అవును అన్నంకనే రాసుకుంటం. నూలు తీసుకపోయే సభ్యుడు కూడా బోర్డు చూసి గట్టిగ చదివి పోవాలె. చదువు రానోళ్లకు పక్కోళ్లు చదివి చెప్తరు. మొదట్ల మనోళ్లు నవ్విన్రు, బడి పిల్లల లెక్క చదవమంటడని. ఇప్పుడు నేను మరిచిపోతే వాళ్లే అడుగుతరు.

మూడోది, చెడిన బట్ట అంటే ఏందో రాసి పెట్టుకున్నం. ఎన్ని పోగులు తప్పితే తప్పు, ఎంత మరక పడితే మరక, దానికి ఎంత కోత. సభ్యులే కూసుని నిర్ణయించుకున్నరు. 1928లో మన పెద్దలు అడిగింది ఇదే కదా. అప్పటి నుంచి మజూరీ కాడ తగాదాలు బాగ తగ్గినయి. లేవని చెప్పను, తగ్గినయి.

చట్టం మాట, కొత్త మాట

మన మాటలకు అర్థం చెప్పేది ఎప్పుడూ మనమే కాదు, చట్టం కూడా చెప్తది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టంలో చేనేత మగ్గం అంటే పవర్‌లూమ్ కాని ఏ మగ్గమైనా అని ఉన్నది. ఆ ఒక్క వాక్యం మీదనే మన రిజర్వేషన్ నిలబడి ఉన్నది. చేనేతకు కేటాయించిన రకాలు మొదట 22, తర్వాత 11 అయినయి. రకాలు తగ్గితే మనకు కనపడుతది. మాట అర్థం మారితే కనపడది. అందుకే ఇట్లాంటి కాగితాలు వచ్చినప్పుడు మన పిల్లలు శ్రద్ధగ చదివి పెద్దలకు చెప్పాలె.

కొత్త యంత్రాలకు, కొత్త మాటలకు నేను వ్యతిరేకం కాదు. మన ఆలేరు దిక్కు శారాజీపేట చింతకింది మల్లేశం సంగతి మీకు తెలిసిందే. తల్లి లక్ష్మమ్మ చెయ్యి ఒక చీర పడుగు కోసం వేల సార్లు అటూ ఇటూ తిరిగి నొప్పి పెట్టుడు చూసి 1999లో యంత్రం తయారు చేసిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన దానికి పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం. ఇంగ్లీషు పేరు పెట్టి ఉంటే అదేం చేస్తదో మళ్లీ చెప్పాల్సి వస్తుండె. ఆసు అన్న మాట ఉన్నది కాబట్టి ఇంట్లో ఉన్న ఆడోళ్లకు వినంగనే తెలిసింది. పాత మాటకు కొత్త పనిని అతికిండు.

మనం మగ్గం మీద చేసేదీ అదే. పాత పడుగు అయిపోవస్తే తెంపి పారెయ్యం. దాని కొసలకు కొత్త పడుగు పోగు పోగుకు అతుకుతం. అచ్చు అతుకుడు అంటం. మాటల సంగతి కూడా అంతే. తాణా నేర్చుకున్నప్పుడు పడుగును మరువలేదు మా చిన్నాయిన. రెండూ పక్కపక్కన పెట్టి నాకు అప్పజెప్పిండు.

ఒక మనవి

ఇప్పుడు మన పిల్లలు మగ్గం మాటలు మరిచిపోతున్నరు. అది వాళ్ల తప్పు కాదు, మగ్గం ఇంట్ల లేకుంటే మాట ఎక్కడి నుంచి వస్తది? కానీ బట్ట అమ్మేది, కొనేటోళ్లతో ఫోనులో మాట్లాడేది ఇప్పుడు ఆ పిల్లలే. నేసేటోడి మాట వాళ్లకు తెలువకుంటే, నాకు ఆ ఎనభై నంబరు కాడ అయినట్టే వాళ్లకూ అయితది.

అందుకని సమాఖ్య తరఫున కాదు, ఒక సెక్రెటరీగా నా మనవి ఇది. ఇంట్ల పెద్దోళ్లు ఉన్నప్పుడే వాళ్లను కూసోబెట్టి, మగ్గం ఒక్కో భాగం మీద వేలు పెట్టి పేరు అడగండి. మీ ఊరి మాట, బొంబాయి మాట, సోలాపూర్ మాట, ఏది ఉంటే అది పక్కపక్కన రాయండి. ఫోనుల మాట రికార్డు చేసినా చాలు. అన్ని ఊర్ల మాటలు ఒక్క కాడ చేరితే అదే మన పట్టీ. వచ్చే ఏడాది సంచికలో అది అచ్చయితే నాకు అంతకంటే సంతోషం లేదు.

మా చిన్నాయిన పోయి తొమ్మిదేండ్లు అయింది. ఆయనకు వచ్చిన మాటలన్నీ నేను రాసుకోలేదు. కొన్ని ఆయనతోనే పోయినయి. మీ ఇంట్ల అట్ల కానియ్యకండి.

రాతలో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి.